సౌండ్ కార్డు కొనాలా, ఉన్నదే చాలా?

బడికి కంప్యూటరు ఇస్తామని దాతలో, పూర్వ విద్యార్థులో ముందుకు వచ్చినప్పుడు ఒక ప్రశ్న వస్తుంటుంది: విడిగా సౌండ్ కార్డు వేయించాలా, మదర్‌బోర్డులో ఉన్న ఆడియో చాలా? వేరేచోట ఇది పాటలు వినే ముచ్చట కావచ్చు. మన తెలుగు బడుల్లో మాత్రం పాఠానికి సంబంధించిన సంగతి. హోసూరులోనో, షోలాపూర్‌లోనో వీధిలో వేరే భాష వినే పిల్లలకు తెలుగు ఉచ్చారణ చాలావరకు మన నోటి నుంచి, మనం వినిపించే పాఠం నుంచే అందాలి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఆ లిపికి అలవాటుపడిన పిల్లలకు ఒత్తక్షరం ముందు చెవికి పట్టుబడాలి.

వినిపించడానికి ఉన్నదే చాలు

సౌండ్ బ్లాస్టర్ కార్డు వచ్చిన 1989 నాటికి మామూలు కంప్యూటర్లలో మంచి ధ్వని ఉండేది కాదు. విడిగా కార్డు కొనక తప్పేది కాదు. ఇంటెల్ 1997లో ఏసీ 97, 2004లో హెచ్‌డీ ఆడియో ప్రమాణాలు తెచ్చాక ఆ పని మదర్‌బోర్డు మీది చిన్న చిప్‌కు చేరింది. సీడీలో ధ్వని సెకనుకు 44,100 నమూనాలుగా ఉంటుంది. ఈనాటి చిప్ దాన్ని తేలిగ్గా వినిపిస్తుంది. కాబట్టి పాఠాలు, పద్యాలు వినిపించడానికే అయితే కార్డు అవసరం లేదు. ఆ డబ్బుతో వెనక బెంచీ దాకా స్పష్టంగా వినిపించే స్పీకర్లు కొనడం మేలు.

చిక్కంతా రికార్డింగులోనే

పెట్టెలో విద్యుత్ సందడి ఎక్కువ. మైకు నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనం. ముందువైపు రంధ్రానికి లోపల పొడుగాటి సన్నని తీగ ఉంటుంది కనుక ఆ సందడి దారిలోనే కలుస్తుంది. ‘సుయ్’మనే ఆ చప్పుడు పాటకు పెద్ద అడ్డు కాకపోవచ్చు, ఉచ్చారణ పాఠాన్ని మాత్రం చెడగొడుతుంది. ఖ, ఫలలోని ఊపిరి, శ, సల మధ్య తేడా కూడా గాలి చప్పుళ్లే కదా! ఒక చప్పుడులో మరొకటి మునిగిపోతుంది.

కొనేముందు ఈ పరీక్ష చేయండి

ఉచితంగా దొరికే ఆడాసిటీలో పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేయండి. తర్వాత కరము–ఖరము, సరము–శరము, కల–కళ చదవండి. హెడ్‌ఫోన్‌తో వినండి. చప్పుడు ఉంటే ఫ్యాను ఆపండి, మైకు తీగను వెనకవైపు గులాబీ రంగు రంధ్రంలో పెట్టండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు తీసి చూడండి. అప్పుడు గుయ్‌మనడం ఆగితే లోపం ఆడియో చిప్‌ది కాదు, కరెంటుది. ఎర్తింగు సరిచూపించాలి. చాలా బడుల్లో ఖర్చు లేకుండానే పని ఇక్కడితో తీరుతుంది.

కొంటే ఏది కొనాలి?

ఇంకా చప్పుడు పోకపోతే పెట్టెలో బిగించే కార్డు జోలికి పోకండి. అది కూడా అదే సందడి మధ్య కూర్చుంటుంది, పైగా ల్యాప్‌టాప్‌కు పనికిరాదు. యూఎస్‌బీ మైకుగానీ, కొన్ని వందల రూపాయలకే దొరికే యూఎస్‌బీ సౌండ్ అడాప్టరుగానీ చాలు. వీటిలో ధ్వని పెట్టె బయటే అంకెలుగా మారుతుంది. ఒక కంప్యూటరు పాడైతే మరోదానికి పెట్టుకోవచ్చు. ప్రార్థనలో వాడే స్టేజి మైకును మాత్రం నేరుగా పెట్టకండి, గొంతు పీలగా వస్తుంది. దానికి ఆడియో ఇంటర్‌ఫేస్ అనే వేరే పరికరం కావాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. మన ఊళ్లలో పెద్దవాళ్లు మాట్లాడే తెలుగుకు తనదైన యాస, పలుకుబడి ఉన్నాయి. అమ్మమ్మ చెప్పే కథను, తాతయ్య చదివే పద్యాన్ని తలుపులు మూసి, ఫ్యాను ఆపి రికార్డు చేసి బడికి ఇవ్వండి. ఏ కార్డు కొన్నా అంగట్లో దొరకని పాఠం అది. మేము తరగతిలో వినిపిస్తాం.