త్రుప్పు పట్టిన బోల్టు ఏల కదలదు? ఎట్లు కదలును?

జహీరాబాదు ప్రాంతమున, కర్ణాటక సరిహద్దు నానుకొనియున్న న్యాల్‌కల్ మండలపు పొలములలో, ఏండ్ల తరబడి బురదలో దున్ని వానకు తడిసిన పాత ట్రాక్టరు చక్రమును విప్పబూనినపుడు, పానా వేసి ఎంత బలము ప్రయోగించినను బోల్టు కదలకుండుట కలదు.

ఎందుకు? ఇనుము గాలిలోని ఆమ్లజనితోను తేమతోను సంయోగము చెంది త్రుప్పగును. ఆ త్రుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండింతలకు మించిన స్థలము నాక్రమించును గనుక, బోల్టు మరలకును నట్టు మరలకును నడుమ గల సన్నని సందులను నింపి, ఆ రెంటిని ఏకలోహమువలె బిగించివేయును.

ఎట్లు విప్పవలెను? మొదట మట్టిని గోకి, త్రుప్పు వదలించు పలుచని నూనె పోసి, ఒక రాత్రి యుంచవలెను. కేశాకర్షణశక్తిచే నూనె సందులలోనికి తానే ప్రాకును. పిమ్మట సుత్తితో మెల్లగా తట్టినచో త్రుప్పు పగులును. చక్రము నేలనానియుండగనే, జాకీతో నెత్తకమునుపే, పానాకు గొట్టము తొడిగి త్రిప్పవలెను. అడుగు పిడి మూడడుగులైనచో అదే బలము మూడింతలుగా మెలిపెట్టును.

వేడిచేసిన నట్టు వ్యాకోచించి వదులగుట నిజమే. కాని మంట సోకిన టైరు ప్రేలి ప్రాణములు తీయగలదు. ఆ పని అనుభవజ్ఞులకే విడువుడు. బలముకంటె ముందు ఓర్పు, ఓర్పుకంటె ముందు కారణజ్ఞానము కావలెను.