సంస్కరణ అంటే ఎవరి జేబులోంచి?

"సంస్కరణలు" అన్న మాట పేపర్లో కనబడగానే మనలో చాలామంది పేజీ తిప్పేస్తాం. 1991 తర్వాత మన దగ్గర ఆ మాటకు చార్జీలు పెరగడం, పోస్టులు నింపకపోవడం అన్న అర్థాలే స్థిరపడిపోయాయి. అది మన అనుభవం, కాదనను. అయితే ఎం.ఏ.లో ఇతర దేశాల సంగతులు చదువుతుంటే, సంస్కరణల్లో బీదవాడికి మేలు చేసినవీ ఉన్నాయని తెలిసింది. డబ్బు ఎవరు కడుతున్నారు, ఎప్పుడు కడుతున్నారు, అది ఎవరి చేతికి పోతోంది అని అడిగితే ఏది ఎలాంటిదో చాలావరకు తేలిపోతుంది.

థాయిలాండ్‌నే తీసుకోండి. 1997లో అక్కడి కరెన్సీ బాట్ కుప్పకూలి అనేక ఆసియా దేశాలను కుదిపేసింది. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే, 2001లో ఆ ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. దాదాపు ఏ జబ్బుతో ఆసుపత్రికి వెళ్ళినా 30 బాట్లు కడితే చాలన్నారు. మన డబ్బుల్లో అప్పటికి ముప్పై రూపాయల పైచిలుకు. మొదట ఆరు రాష్ట్రాల్లో మొదలై, 2002లో చట్టమై, దేశమంతటికీ వచ్చింది. దాని వెనుక ఉన్నవాడు డాక్టర్ సంగువాన్ నిత్యారంఫాంగ్. పల్లెటూరి ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన డాక్టరు ఆయన.

ముప్పై బాట్లతో ఆసుపత్రి ఎలా నడుస్తుంది? నడవదు. అసలు డబ్బు పన్నుల నుంచి వచ్చింది. ప్రభుత్వం ఒక్కో మనిషికి ఇంత అని లెక్కగట్టి (మొదటి ఏడాది 1,202 బాట్లు), ఆ మనిషి పేరు నమోదైన ఆసుపత్రికి ముందుగానే ఇచ్చింది. దీన్ని తలసరి చెల్లింపు అంటారు. పాత పద్ధతిలో పెద్ద బిల్డింగులు, ఎక్కువ సిబ్బంది ఉన్నచోటికే బడ్జెట్ పోయేది. కొత్త పద్ధతిలో జనం ఎక్కడుంటే డబ్బు అక్కడికి పోయింది. బీద ప్రాంతమైన ఈశాన్య థాయిలాండ్ ఆసుపత్రులకు లాభం కలిగింది. సిబ్బంది ఎక్కువ ఉన్న పట్టణ ఆసుపత్రులు గగ్గోలు పెట్టాయి, జీతాలకే చాలడం లేదని. వాళ్ళ బాధా అబద్ధం కాదు. వాళ్ళ కోసం కొంత అదనపు నిధి పెట్టవలసి వచ్చింది.

ఇంకొక సంగతి మరువకూడదు. అంతకు ముందు ఇరవై ఏళ్ళుగా వాళ్ళు మన మండలం లాంటి దాదాపు ప్రతి జిల్లాలోనూ ఆసుపత్రి కట్టి, కొత్త డాక్టర్లను తప్పనిసరిగా పల్లెలకు పంపుతూ వచ్చారు. డాక్టరే లేని ఊళ్ళో కార్డు ఇచ్చి ఏం లాభం?

మన ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. కానీ దాని లెక్క వేరు. అక్కడ మనిషికి ఇంత, ఇక్కడ ఆపరేషన్‌కు ఇంత. ఆపరేషన్‌కు ఇంత అంటే ఆపరేషన్లు ఎక్కువ చేయాలన్న ఆశ ఆసుపత్రికి పుడుతుంది. మనిషికి ఇంత అంటే తక్కువ వైద్యంతో సరిపెడదామన్న ఆశ పుడుతుంది. అందుకే థాయిలాండ్‌లో ఫిర్యాదులకు 1330 నంబరు పెట్టారు. ఏ పద్ధతికైనా కాపలా తప్పదు.

మా నాయన ఆపరేషన్‌కు కార్డు పనిచేసింది. ఏ జబ్బో తేలేదాకా చేయించిన స్కానింగులకు, తర్వాత నెలల తరబడి వాడిన మందులకు, పోయిన కూలికి అమ్మ తెచ్చిన అప్పే దిక్కయింది. ఇది మా ఒక్క ఇంటి కథ కాదని హాస్టల్లో ఏ రూములో అడిగినా తెలుస్తుంది. థాయిలాండ్‌లో ఓపీ చూపించుకోవడం, మందులు కూడా పథకంలోనే ఉన్నాయి. 2008లో కిడ్నీ డయాలసిస్‌నూ చేర్చారు.

ఇళ్ళ విషయంలో సింగపూర్‌ను అందరూ పొగుడుతారు. 1960లో అక్కడ గృహనిర్మాణ బోర్డు ఏర్పడింది. 1961లో బుకిట్ హో స్వీ గుడిసెల్లో మంటలు లేచి సుమారు 16,000 మంది రోడ్డున పడ్డారు. ఏడాది తిరగకముందే వాళ్ళకు ఫ్లాట్లు ఇవ్వడం మొదలైంది. 1966 చట్టంతో ప్రభుత్వం చవకగా భూమి తీసుకుంది. 1968 నుంచి కార్మికులు తమ ప్రావిడెంట్ ఫండ్ డబ్బుతోనే ఫ్లాటు కొనుక్కోవచ్చన్నారు. ఇప్పుడు ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మంది బోర్డు ఫ్లాట్లలోనే ఉంటున్నారు. అయితే అది 99 ఏళ్ళ లీజు మాత్రమే. పైగా నెల జీతం, పీఎఫ్ లేని అడ్డా కూలీకి ఈ దారి ఎలా పనికొస్తుందో ఆ పొగిడేవాళ్ళు చెప్పరు.

ఇక అప్పుల సంగతి. బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకు 1983లో వచ్చింది, యూనస్ గారికి 2006లో నోబెల్ శాంతి బహుమతి కూడా దక్కింది. అదే నమూనా మన దగ్గరకు లాభాల కంపెనీల చేతుల్లో వచ్చింది. ఒకే ఇంటికి నలుగురు అప్పిచ్చారు, వారం వారం గుమ్మం ముందు కూర్చున్నారు, ఆత్మహత్యలు జరిగాయి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. దాంతో వేధింపులు తగ్గాయి, కొత్త అప్పులూ ఆగాయి. అప్పు ఆగినంత మాత్రాన జబ్బు ఆగదు కదా, కొందరు మళ్ళీ ఊరి వడ్డీ వ్యాపారి దగ్గరికే పోయారు. 2011లో మాలేగాం కమిటీ వడ్డీ పరిమితి సూచించింది, రిజర్వు బ్యాంకు దాన్ని అమలు చేసింది. 2022లో ఆ పరిమితి తీసేసి, ఇంటి ఆదాయంలో సగానికి మించి కిస్తీలు ఉండకూడదన్న నిబంధన పెట్టింది. చూడటానికి బాగానే ఉంది. కానీ కూలి దొరికిన వారం ఒకటి, దొరకని వారం ఒకటిగా బతికే ఇంటి ఆదాయం ఎంత అని ఫారంలో రాసేది అప్పిచ్చే కంపెనీ మనిషే. ఈసారి ఊరెళ్ళినప్పుడు అమ్మ దగ్గరున్న ఆ కాగితం తీసి, అందులో మన ఇంటి ఆదాయం ఎంతని రాశారో చదివి చూడండి.