జాతరకు ట్రక్కు సర్దుకునే పద్ధతి



ఊళ్ళో ఇల్లూ, బస్తీలో కాపురమూ ఉన్న ఆడవాళ్ళకి రెండేళ్ళకొకసారి ఒక కబురు వస్తుంది. "సమ్మక్క జాతరకు ట్రాక్టరు కడుతున్నాం, మీరూ రండి" అని. మా పుట్టింటి వాళ్ళది వత్సవాయి. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల మెట్ట పల్లెలవి. పక్కనే పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకు ఎడ్లబండ్ల మీద, ట్రాక్టర్ల మీద కదిలే అలవాటు మావాళ్ళకి ఏనాటి నుంచో ఉంది. పెనుగంచిప్రోలు ఒక పూట ప్రయాణం. మేడారం అలా కాదు. ఖమ్మం దాటి, ములుగు అడవుల్లోకి సుమారు రెండువందల కిలోమీటర్లు. అక్కడ మూడు నాలుగు రోజులు చెట్ల కింద మకాం. దానికి ట్రక్కు ఎలా సర్దుకోవాలి, అందులో ఏది ఎక్కాలి, ఏది ఎక్కకూడదు అన్న సంగతి ఇవాళ చెప్పుకుందాం.

విదేశాల్లో కొందరు జీపుకు వెనక చిన్న బండి తగిలించి, అందులో వంటా, పక్కా, నీళ్ళూ అన్నీ అమర్చుకుని ఎడారుల్లోకీ అడవుల్లోకీ వెళ్ళి గుడారాలు వేసుకుంటారు. అది వాళ్ళకి సరదా. మనకి ఇది కొత్త విద్యేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణం నుంచి బయలుదేరి, పెద్ద పరివారంతో డేరాలు వేసుకుంటూ కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఆయన రాసిన "కాశీయాత్ర చరిత్ర" 1838లోనే అచ్చయింది. మన అమ్మమ్మల కాలంలో గూడుబండి ఉండేది. వెదురుబద్దలు వంచి పైన తడికె కప్పి, లోపల మెత్తగా గడ్డి పరిచి, పైన బొంత వేసేవారు. ఇరుసుకు కందెన పెట్టటానికి ఆముదం, చీకటి పడితే బండి కింద వేలాడగట్టటానికి లాంతరు, ఎడ్లకు ఉలవలు. ఇవి లేకుండా బండి ఇల్లు దాటేది కాదు. ఆ పద్ధతే ట్రక్కుకీ వర్తిస్తుంది. మారింది ఒకటే. ఎడ్లు గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచేవి, ఎదురుగా వచ్చేదీ ఎడ్లబండే. ఇప్పుడు ట్రాక్టరు పక్కనుంచి లారీలు దూసుకుపోతాయి. ఈ తేడాని మనసులో ఉంచుకుని మిగతాది వినండి.

ముందు దూరం లెక్క చూద్దాం. బరువుతో ట్రాక్టరు సగటున గంటకు ఇరవై కిలోమీటర్లకు మించి నడవదు. రెండువందల కిలోమీటర్లంటే పది గంటలు. మధ్యలో టీలు, భోజనాలు, పిల్లల కోసం ఆగటాలు కలుపుకుంటే పద్నాలుగు గంటలైనా పడుతుంది. కనుక ఒక్క రోజులో చేరాలని పట్టుపడితే చీకట్లో నడపాల్సిందే. అలా కాకుండా దారిలో ఒక రాత్రి ఆగేటట్టు ముందే అనుకోవాలి. మొదటి పూట భోజనం ఎక్కడ, పడక ఎక్కడ అన్నది తేలితేనే మన సర్దుడు మొదలవుతుంది.

ఇక ట్రక్కు. మావైపు ట్రక్కు అంటారు, కొన్నిచోట్ల ట్రాలీ అంటారు. పదిమందికి నాలుగు రోజుల సామాను లెక్క వేసుకుంటే, నీళ్ళు రెండువందల కిలోలు, బియ్యం పప్పులు ఓ ముప్పై, గిన్నెలు పొయ్యి నలభై, పక్కబట్టలు యాభై. ఎవరైనా నిలువెత్తు బంగారం మొక్కుకుంటే, అంటే మనిషెత్తు బెల్లం, అదొక అరవై డెబ్బై కిలోలు. మొత్తం నాలుగువందల కిలోల దాకా రావచ్చు. వడ్ల బస్తాలు మోసే ట్రక్కుకు ఇదొక లెక్క కాదు. కాని ఎంత బరువు అన్నదానికన్నా ఎక్కడ పెట్టాం అన్నది ముఖ్యం. రెండు చక్రాల ట్రక్కులో బరువంతా వెనక్కి వేస్తే ముందు కొక్కెం పైకి లేస్తుంది. అప్పుడు ట్రాక్టరు వెనక చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. బరువైనవి ఇరుసు మీదకి, కాస్త ముందుకి, అడుగున పెట్టాలి. తేలికైనవి పైన. పరుపులు, దుప్పట్లు ఎత్తుగా పేర్చి తాడు వేయకపోతే మలుపులో ఒరుగుతాయి.

నీళ్ళకు పెద్ద డ్రమ్ము ఒకటి పెట్టుకుంటే పని తీరుతుందని మగవాళ్ళు అంటారు. ఒప్పుకోకండి. డ్రమ్ము సగమయ్యాక లోపలి నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుని, గతుకుల్లో బండినే ఊపుతాయి. పైగా అది పగిలితే నీళ్ళన్నీ ఒక్కసారే పోతాయి. ఇరవై లీటర్ల క్యాన్లు పది, మూతి నిండా నింపి, ఇరుసు మీద వరసగా పేర్చండి. తాగటానికీ వంటకీ మనిషికి రోజుకు అయిదు లీటర్లు. పదిమందికి నాలుగు రోజులకు రెండువందల లీటర్లు. ఈ లెక్క తక్కువే సుమా. స్నానాలకూ ఉతుకుళ్ళకూ అక్కడ దొరికే నీళ్ళు వాడుకోవాలి. జంపన్నవాగులో స్నానం చేయండి, తప్పులేదు. లక్షలమంది మునిగిన ఆ నీళ్ళు మాత్రం నోట్లో పోసుకోకండి. క్యాన్లు అయిపోతే కుళాయి నీళ్ళైనా మరగకాచి చల్లార్చుకుని తాగాలి.

ట్రక్కు అడుగున గడ్డి పరిచి, పైన బరకం వేస్తే గిన్నెలు కొట్టుకోవు. వెదురు బద్దలు వంచి పైన ఇంకో బరకం కడితే ఎండకీ మంచుకీ కాపు. ఒక్కటి గుర్తుంచుకోండి. గడ్డి ఉన్నచోట నిప్పు ఉండకూడదు. పొయ్యి ట్రక్కుకు పది గజాల దూరంలో, గాలి వాటు చూసుకుని పెట్టాలి. మేడారం ఏటూరునాగారం అభయారణ్యంలో ఉంది. అక్కడ చెట్లు కొట్టి కట్టెలు చేసుకోకూడదు. ఇంటి దగ్గరనుంచే ఎండుకట్టెలు ఒక మోపు, లేదా అయిదు కిలోల చిన్న గ్యాసు సిలిండరు తీసుకెళ్ళండి. సిలిండరు నిలబెట్టే కట్టాలి, పడుకోబెట్టకూడదు.

తిండి సంగతి మీకు నేను చెప్పేదేముంది? అయినా వరస చెబుతాను. మొదటి రోజు పులిహోర, రెండో పూటకి జొన్నరొట్టె, కంది పచ్చడి. తర్వాత వండుకోవటమే. మనిషికి రోజుకు మూడువందల గ్రాముల బియ్యం చొప్పున పదిమందికి నాలుగు రోజులకు పన్నెండు కిలోలు. పప్పు, చింతపండు, ఆవకాయ, కరివేపాకు పొడి, వడియాలు. పిల్లలకు సున్నుండలు, చేగోడీలు. ఏ పూటకాపూట ఉప్పు, కారం, పప్పు కొలిచి వేరువేరు సంచుల్లో కట్టుకుంటే చీకట్లో వెతుక్కోనక్కరలేదు. బెల్లం మాత్రం తడి తగలకుండా, చీమలు పట్టకుండా మూతబిగువు డబ్బాలో ఉంచండి.

ఇప్పుడు ఎవరూ పైకి చెప్పుకోని సంగతి ఒకటి. ఇలాంటి ప్రయాణాల్లో మనవాళ్ళు మరుగు దొరకదని నీళ్ళు తాగటం మానేస్తారు. పొద్దున ఒక గ్లాసు తాగి సాయంత్రందాకా ఉగ్గబట్టుకుంటారు. ఎండలో అలా ఉంటే కళ్ళు తిరుగుతాయి, మూత్రంలో మంట పట్టుకుంటుంది. ఇంటికొచ్చాక పదిరోజులు మందులు మింగాలి. దీనికి మందు ట్రక్కులోనే ఉంది. నాలుగు వెదురు గడలు, ఒక పాత బరకం, ఒక పలుగు, ఒక పార. మకాం దిగగానే ముందు పొయ్యి కాదు, ముందు ఈ మరుగు కట్టించండి. నీళ్ళున్న చోటికి ముప్పై మీటర్లు తక్కువ కాకుండా గొయ్యి తవ్వి, వాడినప్పుడల్లా బూడిదో మట్టో వేయండి. వెళ్ళేటప్పుడు పూడ్చేయండి. దగ్గరలో ప్రభుత్వం వారు మరుగుదొడ్లు కట్టి ఉంటే అవే వాడండి. నెలసరి బట్టలు, సబ్బు ఒక సంచిలో విడిగా పెట్టుకోండి.

మందుల డబ్బాలో దూది, కట్టుగుడ్డ, జ్వరం మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు ఉండాలి. పొట్లాలు అయిపోతే, లీటరు కాచిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు వేసి కలిపి కొంచెం కొంచెంగా పట్టించండి. చెంచాలు చిన్నవి, కొలత తలగొట్టి వేయాలి. పాము కరిస్తే కాటు మీద కోయటం, తాడు బిగించటం వద్దు. కదలనివ్వకుండా పడుకోబెట్టి 108కి కబురు చెయ్యండి. పిల్లల జేబులో పెద్దవాళ్ళ ఫోను నెంబరు రాసిన చీటీ పెట్టండి. నెట్‌వర్కు అందకపోతే ఎక్కడ కలుసుకోవాలో ఒక గుర్తు ముందే చెప్పండి.

ట్రాక్టరు సంగతి మనకెందుకని అనుకోవద్దు. బయలుదేరేముందు డ్రైవరుని ఈ అయిదూ అడగండి. ఒకటి, ట్రక్కు కొక్కెం పిన్ను ఊడకుండా క్లిప్పు ఉందా, దానికి తోడు గొలుసు కట్టారా? రెండు, ట్రాక్టరుకు కుడి ఎడమ చక్రాలకు వేరువేరు బ్రేకులుంటాయి. దుక్కిలో అలా ఉండాలి. రోడ్డెక్కితే ఆ రెండు పెడళ్ళూ కలిపి గొళ్ళెం వేయాలి, లేకపోతే బ్రేకు తొక్కగానే బండి ఒక పక్కకి లాగేస్తుంది. వేశారా? మూడు, చాలా ట్రక్కులకు సొంత బ్రేకుండదు. పల్లంలో ట్రక్కే ట్రాక్టరుని నెడుతుంది. కాబట్టి న్యూట్రల్ చేయకుండా చిన్న గేరులోనే దిగుతారా? నాలుగు, వెనక ఎర్రదీపాలు వెలుగుతున్నాయా, మెరిసే ఎర్ర స్టిక్కర్లు అంటించారా? అయిదు, జాకీ, స్టెప్నీ, జాకీ కింద పెట్టటానికి ఒక చెక్కపలక ఉన్నాయా? ఇసకలో పలక లేకుండా జాకీ పెడితే అదే దిగబడిపోతుంది.

మకాం దగ్గర ట్రాక్టరునీ ట్రక్కునీ దారివైపు గోడలా నిలిపి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, వాటికి ఇవతల పక్కలు వేసుకోండి. చలిగా ఉందని ట్రక్కు కింద ఎవరినీ పడుకోనివ్వకండి. రాత్రిళ్ళు బండ్లు వెనక్కి తిప్పేవాళ్ళకి నేల మీద మనిషి కనపడడు.

అసలు మాట చివరికి ఉంచాను. ఇంతసేపూ సామాను సంగతి చెప్పాను, మనుషులు ఎక్కడ కూర్చోవాలో చెప్పలేదు. సోదరీమణులారా, ట్రక్కులో మనుషులు కూర్చోకూడదు. 2020 జూన్ 17న మా జగ్గయ్యపేట మండలంలోనే, వేదాద్రి నరసింహస్వామి దర్శనం చేసుకుని తిరిగి వెళ్తున్న ట్రాక్టరును లారీ గుద్దింది. ఖమ్మం జిల్లా వాళ్ళు, పదిమందికి పైగా పోయారు. అందులో ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు. ట్రక్కులో సీటు లేదు, పట్టుకునే కడ్డీ లేదు, గుద్దితే ఆపేది ఏదీ లేదు. ఆ బండి సరుకుల కోసం చేసింది. యాత్రలకు మనుషుల్ని ఎక్కించటానికి చట్టమూ ఒప్పుకోదు. ఏదైనా జరిగితే వ్యవసాయం కోసం కట్టిన ఇన్సూరెన్సు అక్కరకు రాకపోవచ్చు.

"తాతల నాటి నుంచి ఇలాగే వెళ్తున్నాం, అమ్మవారు చూసుకుంటుంది" అంటారు పెద్దలు. వాళ్ళతో వాదం పెట్టుకోకండి. "అత్తయ్యగారూ, మీకు మోకాళ్ళ నొప్పులు కదా, అన్ని గంటలు కాళ్ళు ముడుచుకుని కూర్చోలేరు. మనం ఆర్టీసీ బస్సులో వెళ్దాం. సామాను ట్రక్కులో ముందు వెళ్తుంది, మనం దిగేసరికి మరుగు, పొయ్యి సిద్ధంగా ఉంటాయి" అనండి. జాతర రోజుల్లో ఖమ్మం, వరంగల్ వైపులనుంచి మేడారానికి ప్రత్యేక బస్సులు నడుస్తాయి. ట్రాక్టరు ఒక రోజు ముందు బయలుదేరుతుంది, దానితో డ్రైవరు ఒక్కడే వెళ్తాడు. సాయానికి వెళ్ళే ఇద్దరూ బస్సులో వెళ్ళి అక్కడ అందుకుంటారు. బంధువులంతా కలిసి ఉండటమన్న సరదా మకాంలో తీరుతుంది, దారిలో తీరనక్కరలేదు.

బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు వస్తారు. శుక్రవారం మొక్కులు, శనివారం తల్లుల వనప్రవేశం. ఆ నాలుగు రోజుల తర్వాత ఎంతమందిమి బయలుదేరామో అంతమందిమీ ఇల్లు చేరాలి. బండి కట్టేది మగవాళ్ళైనా, అందులో ఏది ఎక్కాలో సర్దేది మనం. కనుక అందులో ఎవరు ఎక్కకూడదో చెప్పే హక్కూ మనదే.

ఇక సెలవు.