"మావాడు ఏమీ తినడండీ!"

పిల్లల ఓ.పి.లో మేము రోజూ వినే మాట ఇది. ఆమధ్య ఒక నాయనమ్మ మూడేళ్ళ మనుమణ్ణి చంకన వేసుకొని వచ్చింది. "డాక్టరమ్మా, ముద్ద పెడితే ఊసేస్తున్నాడు. ఆకలి పుట్టే టానిక్కు ఏదైనా రాయండి" అంది. టానిక్కు రాయకుండా, నిన్న పొద్దుటినుంచి పిల్లవాడి నోట్లో ఏమేం పడ్డాయో చెప్పమన్నాం. లేవగానే టీలో ముంచిన బిస్కెట్లు. పదింటికి చిప్స్ ప్యాకెట్. మధ్యాహ్నం అన్నం వద్దన్నాడని సీసాడు పాలు. సాయంత్రం తాతయ్య తెచ్చిన ఇంకో ప్యాకెట్. పడుకోబోయే ముందు మళ్ళీ పాలు. లెక్క చెప్పేసరికి ఆమెకే నవ్వొచ్చింది. రక్తపరీక్షలో మాత్రం హిమోగ్లోబిన్ 8.4 ఉంది. అది నవ్వుకునే అంకె కాదు.

ఇది ఆ ఒక్క ఇంటి సంగతీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలలు దాటిన అయిదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం.

ముందుగా తల్లులకు కొంత ధైర్యం చెప్పాలి. పుట్టినప్పటి బరువుకు ఏడాది నిండేసరికి బిడ్డ మూడింతలవుతుంది. ఆ తరువాత ఏడాదికి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది. పసివాడి పొట్ట చిన్నది, ఒకేసారి పెద్ద గిన్నెడు పట్టదు. అందుకే మూడు పూటల భోజనంతోపాటు మధ్యలో రెండుసార్లు చిరుతిండి అవసరం. అది నోరు మూయించడానికి ఇచ్చేది కాదు, చిన్న భోజనం. వేళకు పెట్టాలి, భోజనానికి రెండు గంటల ముందే ముగించాలి.

పాలు మంచివే గాని రోజుకు అర లీటరు దాటితే పొట్ట వాటితోనే నిండిపోతుంది. పాలలో ఇనుము చాలా తక్కువ. ఇక టీ, తిన్న ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వదు. పసిపిల్లలకు టీ అలవాటు చేయకండి.

ఇంట్లో ఏం చేయవచ్చు? మిగిలిన దోసెల పిండిలో క్యారెట్ తురుము, సన్నగా తరిగిన మునగాకు, ఉల్లిపాయ కలిపి గుంత పొంగనాలు వేయండి. చేత్తో పట్టుకుని తినే వస్తువంటే పిల్లలకు సరదా. బొబ్బర్లుగాని శనగలుగాని రాత్రి నానబెట్టి, మెత్తగా ఉడికించి పోపు పెట్టి, నిమ్మరసం పిండండి. పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపు సాయం చేస్తుంది. వేయించిన పల్లీలు ఒక గ్లాసు, నువ్వులు అర గ్లాసు పొడి చేసి, ముప్పావు గ్లాసు బెల్లం తురుముతో దంచితే ఉండలు చుట్టుకోవచ్చు. రోజుకు చిన్న నిమ్మకాయంత ఉండ ఒక్కటి చాలు. బెల్లంతోనే రక్తం పడుతుందని చాలామంది నమ్ముతారు. అందులో ఉండే ఇనుము కొద్దే, పళ్ళకు మాత్రం అది కూడా పంచదారలాంటిదే. రాగి పిండిని మరువకండి, వంద గ్రాములలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఏదీ చేసే తీరిక లేనినాడు ఉడికించిన గుడ్డు, అరటిపండు, చిలగడదుంప ఉండనే ఉన్నాయి.

ఒక హెచ్చరిక: అయిదేళ్ళలోపు పిల్లలకు పల్లీలు, శనగలు గింజల్లాగే ఇవ్వవద్దు. గొంతులో అడ్డుపడి ఊపిరి ఆగవచ్చు. పొడి చేసి గాని, మెదిపి గాని పెట్టండి.

కొత్త వంటను పిల్లవాడు మొదటిసారే తింటాడని ఆశపడకండి. పది, పదిహేనుసార్లు కళ్ళబడ్డాకే కొందరు రుచి చూస్తారు. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దలు నిర్ణయించాలి. ఎంత తినాలో పిల్లలకు వదిలేయాలి. ముక్కు మూసి కుక్కడం, "తింటే చాక్లెట్" అని ఆశ పెట్టడం రెండూ పనికిరావు. టీవీ, సెల్‌ఫోన్ చూపిస్తూ తినిపిస్తే పిల్లవాడికి తన ఆకలి తనకే తెలియకుండా పోతుంది.

బరువు పెరగకపోయినా, అరచేతులు పాలిపోయినా, మట్టి, బలపాలు, పచ్చిబియ్యం తింటున్నా ఆస్పత్రికి తీసుకురండి. అంగన్‌వాడీలో, బడిలో నులిపురుగులకిచ్చే ఆల్బెండజోల్ మాత్ర మాన్పించకండి.

ఆ మనుమడికి ఇనుము మందు కూడా రాశాం. 8.4 దాకా దిగాక తిండి ఒక్కటే చాలదు. నెల తరువాత నాయనమ్మ వచ్చి చెప్పింది, ఇప్పుడు ఉండలు తానే చుడతానని పేచీ పెడుతున్నాడట. సగం నేలపాలే అంది. తాతయ్య మాత్రం ఇంకా దొంగచాటుగా ప్యాకెట్టు తెస్తూనే ఉన్నాడట. ఈసారి ఆయన్నీ వెంటబెట్టుకు రమ్మన్నాం.