మన ఊరి బడి మీటరు

ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఊరుకోరు. వెంటనే లేచి స్విచ్చి కట్టేస్తారు. అదే ఫ్యాను ఊరి బడిలో రాత్రంతా తిరిగినా మనలో చాలామందికి పట్టదు. సర్కారు బడి, సర్కారు బిల్లు అనుకుంటాము. ఈ నెల ఆ మాట గురించే మా పాఠకులతో కలిసి ఆలోచించాలనుకుంటున్నాము.

ఆ బిల్లు ఏ సంచిలో నుండి కడతారో ముందు చూద్దాం. సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ పాఠశాలలకు పిల్లల సంఖ్యను బట్టి కాంపోజిట్ గ్రాంటు అనే నిధి ఉంది. 100 మందికి పైన, 250 మంది లోపు పిల్లలున్న బడికి నిర్ణయించిన మొత్తం ఏడాదికి 50,000 రూపాయలు. సుద్దముక్కలు, ఆటవస్తువులు, ప్రయోగశాల సామాను, నీళ్లు, చిన్న మరమ్మతులు, కరెంటు ఖర్చు అన్నీ ఆ నిధి చూసుకోవలసినవే. అంటే ఖాళీ గదిలో తిరిగిన ఫ్యాను మన బిడ్డల బంతినీ, సుద్దముక్కనూ తింటున్నదన్నమాట.

తెలంగాణలో 2024 సెప్టెంబరులో ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత విద్యుత్తు ప్రకటించారు. మంచిదే. అయితే బిల్లు రానంత మాత్రాన బొగ్గు కాలకుండా ఉండదు. బొగ్గుతో తయారయ్యే ఒక్క యూనిట్టు కరెంటుకు అర కిలోకు పైగానే బొగ్గు మండాలి. కొత్తగూడెం, రామగుండం, ఇబ్రహీంపట్నం కేంద్రాల్లో రాత్రింబగళ్లు మండేది అదే.

ఫ్యాన్ల లెక్క

పాత సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. పాత ట్యూబులైటు చోక్‌తో కలిపి సుమారు 50 వాట్లు. నాలుగు ఫ్యాన్లు, రెండు లైట్లు ఉన్న గదికి గంటకు 400 వాట్లు. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్టు. సాయంత్రం 4 గంటలకు వదిలేసి మరునాడు ఉదయం 9కి కడితే ఆ ఒక్క గదిలో 6.8 యూనిట్లు వృథా. పది గదుల బడిలో భోజనం వేళ ఒక్క గంట అన్నీ కట్టేస్తే రోజుకు 4 యూనిట్లు, 200 పనిదినాలకు 800 యూనిట్లు మిగులుతాయి.

పొదుపు అంటే పిల్లలను ఉక్కపోతలో కూర్చోబెట్టడం కాదు. పిల్లలున్నప్పుడు ఫ్యాను తిరగాలి, వాళ్లు వెళ్లగానే ఆగాలి. తరగతికొక పెద్ద పిల్లవాడికో, అమ్మాయికో ఆ బాధ్యత అప్పగిస్తే చాలు. తడి చేతులతో స్విచ్చి ముట్టవద్దని మాత్రం ముందే చెప్పాలి. కిటికీలు తెరిస్తే పగటిపూట చాలా గదుల్లో లైటు అక్కరలేదు. పాతవి పాడైనప్పుడు 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబు, 30 వాట్ల చిల్లర తీసుకునే బి.ఎల్.డి.సి. ఫ్యాను వేయించవచ్చు. మాడిపోయిన పాత ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది, పిల్లలు వాటిని పగలగొట్టకుండా చూడాలి.

కంచంలో మిగిలినది

మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతుల బిడ్డకు 100 గ్రాములు, 6 నుండి 8 తరగతుల బిడ్డకు 150 గ్రాముల బియ్యం లెక్క. ఆ పెద్ద పిల్లలు వందమంది ఉంటే 15 కిలోలు. అందరూ పదోవంతు పారేస్తే కిలోన్నర బియ్యం, దాన్ని ఉడికించిన కట్టెలు, నీళ్లు, వంటమ్మ కష్టం మట్టిపాలు. ఉదయం హాజరు వేయగానే ఎంతమంది వచ్చారో వంటమ్మకు కబురు పంపితే సగం వృథా అక్కడే తగ్గుతుంది. మొదట కొంచెం వడ్డించి, అడిగితే మళ్లీ వేయాలి. పప్పు ముందుగా నానబెట్టి, మూతపెట్టి ఉడికిస్తే వంటచెరకు కలిసివస్తుంది. అయినా మిగిలిన మెతుకులను, రాలిన ఆకులను గుంటలో వేసి మట్టి కప్పితే ఎరువవుతుంది. చేతులు కడిగిన నీళ్లు మునగచెట్టుకో, కరివేపాకు మొక్కకో పారించవచ్చు.

కారే కుళాయిని చిన్నదనుకోవద్దు. సెకనుకు ఒక చుక్క అంటే రోజుకు 86,400 చుక్కలు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా 4 లీటర్లు దాటుతుంది. రూపాయల్లో వచ్చే వాషరుతో అది ఆగుతుంది.

ఏడాది చివర నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చించి దారంతో కుడితే రఫ్ పుస్తకం తయారు. ప్లాస్టిక్ కవర్లను ఆవరణలో తగలబెట్టవద్దు, ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

అడిగే హక్కు మనకుంది

ఇవన్నీ పంతుళ్ల పని అనుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. కూలిపనికి వెళ్లే తల్లి కూడా అక్కడ కూర్చుని మాట్లాడవచ్చు.

తరువాతి సమావేశంలో ఒక్క మాట అడగండి. ప్రతి నెల ఒకటో తేదీన పిల్లల చేతనే మీటరు చదివించి, ఆ అంకెను నోటీసు బోర్డుమీద రాయించమనండి. పోయిన నెలకూ ఈ నెలకూ తేడా తీయడం వాళ్లకు లెక్కల పాఠమవుతుంది. బిల్లు కట్టే బడుల్లో మిగిలిన డబ్బుతో ఏమి కొన్నారో దాని కిందే రాయాలి. తాము కట్టేసిన స్విచ్చి తమకు ఆటబంతి తెచ్చిందని చూసిన పిల్లలకు వేరే ఉపదేశం అక్కరలేదు. ఆ అలవాటును వాళ్లే ఇంటికి కూడా తెస్తారు.