పక్షవాతము తరువాత బుద్ధికి ఇంటిలో సాధన

పక్షవాతమనగానే పడిపోయిన చేయి, ఈడ్చుకొను కాలు మనకు స్ఫురించును. మెదడులోని రక్తనాళము పూడుకొనుట వలన గాని, చిట్లుట వలన గాని కలుగు ఈ వ్యాధి జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను, మాటను, ఒక పనిని వరుసగా చేయు నేర్పును కూడ దెబ్బతీయును. చేయి పడిపోయినచో ఇంటివారికి కనబడును. బుద్ధికి తగిలిన దెబ్బ అంత సులభముగ కనబడదు. పళ్లెములో కుడివైపు అన్నము మాత్రమే తిని, ఎడమవైపుది విడిచిపెట్టిన పెద్దాయనను మొండివాడని విసుగుకొందురు. నిజమునకు ఆయన మెదడు ఎడమవైపును గమనించుట లేదు.

ఢిల్లీలోని మునిర్కా వంటి చోట్ల నివసించు తెలుగు కుటుంబములకు ఇందు మరియొక చిక్కు గలదు. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అచ్చటికి కొలది కిలోమీటర్ల దూరముననే యున్నవి. అయితే ఆసుపత్రిలో ప్రశ్నలు సాధారణముగ హిందీలో నుండును. కుమారుని యొద్దకు వచ్చియున్న తల్లికి కూరలు బేరమాడుటకు చాలినంత హిందీయే వచ్చును. "ఇది ఏ నెల?" అన్న ప్రశ్నకు ఆమె బదులు చెప్పలేకపోయినచో లోపము జ్ఞాపకమునదా, భాషదా? కావున తెలుగు బాగుగ వచ్చిన బంధువొకరు వెంట వెళ్లి, ఆమె చదువెంతో, ఇంట ఏ భాష మాటలాడునో వైద్యునకు ముందే చెప్పవలెను. ప్రశ్నను తెలుగులో వినిపింపవచ్చును గాని, జవాబును అందింపరాదు.

భాషను గూర్చి హైదరాబాదులో జరిగిన పరిశీలన యొకటి ఎన్నదగినది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి, ఫలితములను 2016లో ప్రకటించిరి. రెండు గాని, అంతకు మించి గాని భాషలు మాటలాడువారిలో నూటికి 40 మందికి బుద్ధి సక్రమముగ నుండగా, ఒకే భాష వచ్చినవారిలో సుమారు 20 మందికే అట్లుండెను. మాట పోవుట విషయమున మాత్రము ఇరువురికిని భేదము కానరాలేదు. జబ్బుపడినవారికి క్రొత్త భాష నేర్పవలెనని దీని యర్థము కాదు. వచ్చిన భాషలలో వారితో మాటలాడుట ఖర్చు లేని పని.

ఇంటి పనులే మంచి సాధనములు. బియ్యములో రాళ్లేరుట, చిల్లర లెక్కించుట, పులుసు చేయు వరుసను చెప్పించుట, సాయంకాలము ఆనాడు వచ్చినవారి పేర్లడుగుట — ఇవి పదిహేను నిమిషముల చొప్పున, దినమునకు రెండు మూడు మారులు చాలును. అలసట కనబడగానే ఆపవలెను. మాట తడబడువారికి చిన్న వాక్యములు చెప్పి, బదులుకై ఓపికతో వేచియుండవలెను; వారి మాటను మనము పూర్తిచేయుట మేలు కాదు. ఎడమవైపు గమనింపనివారిని ఆ వైపు నుండియే పలుకరించి, తల త్రిప్పునట్లు చేయవలెను.

ఇంటివారి శ్రద్ధయే సర్వమనుకొనుట కూడ పొరపాటు. మన దేశమున 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులతో జరిగి, 2017లో వెలువడిన పరిశోధనలో, కుటుంబసభ్యులకు శిక్షణ నిచ్చి చేయించిన ఇంటి సాధన, ఆరు నెలలకు మామూలు చికిత్స కంటె అధిక ఫలమును చూపలేదు. నిపుణుని యొద్దకు మరల మరల పోవుట మానరాదు. రోగి దిగులుగా, ముభావముగా నున్నచో అదియు చెప్పవలెను. పక్షవాతము వచ్చినవారిలో సుమారు మూడవ వంతు మందికి మానసిక కుంగుబాటు కలుగును.

ఇక విద్యుత్ చికిత్స. తలపై రెండు తడి పట్టీలుంచి, ఒకటి రెండు మిల్లీఆంపియర్ల ప్రవాహమును సుమారు 20 నిమిషములు పంపుదురు. దానితోపాటు సాధనయు చేయింతురు. ఇది ఇంకను పరిశోధన దశలోనే యున్నది. యంత్రము అమ్మకమునకు దొరకినంత మాత్రమున కొని తలకు తగిలింపరాదు. మూర్ఛ వచ్చినవారికి, పేస్‌మేకరు గలవారికి, తలలో లోహమున్నవారికి, కపాలమునకు శస్త్రచికిత్స జరిగినవారికి ఇది ప్రమాదము కావచ్చును.

సాధన మధ్య మూతి వంకరపోయినను, చేయి జారినను, మాట ముద్దయైనను వెంటనే 112కు ఫోను చేయవలెను. గడ్డను కరిగించు మందు సాధారణముగ నాలుగున్నర గంటల లోపలనే ఇయ్యదగినది గనుక, లక్షణములు ఎన్ని గంటలకు మొదలైనవో వ్రాసికొని వెళ్లుడు.