చెత్త నేరువారును, పట్టణపు సహకారమును

మనము చదివి పారవేసిన వార్తాపత్రిక యేమగును? చెత్తబండి కొనిపోవునని చెప్పి పలువురు విద్యార్థు లూరకుందురు. దాని కథ యంతటితో ముగియదు. పొడిగా నున్న కాగితము పాతసామానుల కొట్టునకును, అటనుండి మిల్లునకును పోయి, నీట నాని గుజ్జయి, మరల కాగితమో అట్టయో యగును. దానిపై సాంబారు మెతుకులు పడినచో కొనువా రుండరు. కావున పాతవస్తువులను క్రొత్తవిగా జేయు పని వంటయింటనే యారంభమగునని మేము చెప్పుదుము.

వస్తువు లన్నియు నొక్క తీరున మరలి రావు. గాజును, అల్యూమినియమును పలుమారులు కరగించి వాడవచ్చును. ఖనిజమునుండి అల్యూమినియము తీయుటకు వలయు శక్తిలో నూటికి సుమారు 5 వంతులతోనే పాతదానిని కరగింపవచ్చును. కాగితమున కట్టి భాగ్యము లేదు. మరల మరల చేయుకొలది దాని నారలు పొట్టివగును. ప్లాస్టిక్కు సంగతి మఱింత చిక్కు. అందు పెక్కు జాతులున్నవి. ఒకదానితో నొకటి కలసిన సరకు చెడును. వానిని చూచినంతనే వేఱుచేయ నేర్చిన కన్నులు కావలెను.

మన దేశమున నా కన్నులు చెత్త నేరి జీవించువారివి. పూనా యని మన పెద్దలు పిలుచు పుణే నగరమున 1993లో వీరు 'కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్' అను సంఘముగా నేర్పడిరి. కాగితము, గాజు, రేకు ఏరి కష్టించువారి పంచాయతీ యని దాని యర్థము. వీరిలో పెక్కుమంది స్త్రీలు. అంటరానితన మను దురాచారమునకు గురియైన కులములవారు. పూర్వము వీథికుండీలలో చేతులు పెట్టి వెదకుచు, దొంగ లను మాటను గూడ పడుచుండిరి. సంఘ మేర్పడిన పిదప పురపాలకుల యామోదముతో గుర్తింపు చీట్లు లభించినవి. రొట్టెల యద్భుతమున మిగిలిన ముక్కలను గంపల కెత్తించిన ప్రభువును గూర్చి ఆదివారపు బడిలో చదువుకొన్న మనకు వీరి పని హీనముగా తోపరాదు.

2007లో వీరే 'స్వచ్ఛ్' అను సహకార సంఘమును స్థాపించిరి; 2008లో నగరపాలక సంస్థతో నొడంబడిక జరిగెను. ఏర్పాటు సులభము. సభ్యురాలు ఇంటింటికి వచ్చును. గృహస్థులు తడి చెత్తను, పొడి చెత్తను వేఱుగా నిచ్చి, నెలకు కొంత రుసుము చెల్లింతురు. పొడి చెత్త నమ్మగా వచ్చిన సొమ్మామెదే. తక్కినది నగరపు బండి కప్పగించును. మూడువేలకు పైబడిన సభ్యులతో నీ సంఘము పెరిగెను.

ముగ్గురిలో నెవరు తప్పినను పని చెడును. బండి రానిచో తడి చెత్త వీథిలోనే క్రుళ్లును. కొందఱు గృహస్థులు రుసుము నెగవేయుదురు; ఆ నష్ట మామె కడుపునకే తగులును. ఒడంబడిక గడువు ముగిసినప్పుడు పొడిగింతురో లేదో యను భయము వేఱుగా గలదు. కంట్రాక్టుదారుల యంత్రపు బండ్లు చాలునని వాదించువారున్నారు. మే మొప్పుకొనము. అట్టి బండి యన్నిటిని కలిపి నొక్కినచో, కాగితము తడిసి, గాజు పగిలి, కొనదగిన సరకు మట్టిపాలగును.

అన్నిటికంటె కష్టమైన సంగతి, దేహమునకు వాడి పారవేసిన గుడ్డలును, పట్టీలును. ఏరునప్పు డవి చేతి కంటుకొని రోగమునకు కారణము కాగలవు. దీనికి పుణేలో నొక యుపాయము ప్రచారము చేసిరి: అట్టివానిని పాత వార్తాపత్రికలో చుట్టి, పైన నెఱ్ఱని చుక్క పెట్టవలెను. ఆ చుక్కను చూచి యామె పొట్లమును విప్పక ప్రక్కకు తీసిపెట్టును.